పోటీకి ముందు ఊపిరి సాధన: ఛాతి బెల్ట్ కొనొచ్చు, బంతుల డబ్బా, మాస్కు అక్కర్లేదు

ముందే చెప్పేస్తాను. పోటీలో టెన్షన్ తగ్గడానికి, గురి మీద మనసు నిలవడానికి ఊపిరి సాధన మొదలుపెట్టి, దానికోసం డబ్బులు పెట్టి ఏదైనా కొనాలనుకుంటే కొనదగ్గది ఒక్కటే, గుండె లయను పట్టి చూపించే ఛాతి బెల్ట్. మా ఇంట్లో వాడుతున్నది పోలార్ హెచ్10. మెడికల్ షాపుల్లో దొరికే మూడు బంతుల డబ్బా, నోట్లో పెట్టుకుని బిగువుకి ఎదురుగా పీల్చే ట్రైనర్, ముఖానికి కట్టుకునే నల్ల మాస్కు, ఫోన్ యాప్‌లు, శనాదివారాల వర్క్‌షాపు, ఇవన్నీ ఏదో ఒక దశలో చూశాం కాబట్టి వాటి గురించీ రాస్తాను, కానీ ఎక్కువ మాట బెల్ట్ గురించే.

నేను హైదరాబాద్‌లో క్లబ్ స్థాయిలో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ చేస్తాను. మా అమ్మాయిది కాంపౌండ్ ఆర్చరీ, అంటే కప్పీలు బిగించిన విల్లుతో బాణాలు వేసే ఆట, తను పోటీలకి వెళ్తుంది. రెండు ఆటల్లోనూ పరుగు లేదు, ఎగరడం లేదు, నిలబడ్డ చోటే నిలబడి చేసే పని, అయినా పేరు పిలిచి లైన్ మీదికి రమ్మనగానే గుండె మెట్లెక్కినంత వేగంగా కొట్టుకుంటుంది. ఎయిర్ పిస్టల్ టార్గెట్ మీద పది పాయింట్ల వృత్తం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. క్వాలిఫికేషన్‌లో 75 నిమిషాల్లో 60 షాట్లు కాబట్టి అక్కడ కాస్త తెరిపి ఉంటుంది. ఫైనల్లో మొదటి రెండు సిరీస్‌లు అయిపోయాక మాత్రం ఒక్కో షాట్‌కి 50 సెకన్లు. ఆర్చరీలో ఒకరి తర్వాత ఒకరు వేసే వ్యక్తిగత మ్యాచ్‌లో అయితే బాణానికి 20 సెకన్లే. అంత తక్కువ టైంలో గుండెని నెమ్మదించమని అడిగితే వినదు. ఊపిరి మాట వింటుంది, దాన్ని ఆపగలం, సాగదీయగలం, దాని వెనకాలే గుండె కూడా కొంత దారికి వస్తుంది. ఈ సాధన మొత్తానికి ఆధారం ఇదే.

ఇది నమ్మకం కుదరనివాళ్ళు టోక్యో ఒలింపిక్స్ ఆర్చరీ మహిళల వ్యక్తిగత ఫైనల్ చూడండి. ఆటలు జరిగింది 2021లో. అప్పుడు ఆర్చర్ల ఒంటికి ఏమీ తగిలించకుండా, దూరం నుంచి కెమెరాతో ముఖం మీద చర్మం రంగులో వచ్చే సన్నటి మార్పుల్ని పట్టి గుండె వేగాన్ని టీవీలో చూపించారు. స్కోరు సమమై ఒక్క బాణంతో తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు కొరియా అమ్మాయి ఆన్ సాన్ గుండె నిమిషానికి 118 దగ్గర ఉంటే, రష్యా ఆర్చర్ ఎలెనా ఒసిపోవాది 167. ఆన్ సాన్ పది కొట్టింది, ఒసిపోవాకి ఎనిమిది వచ్చింది. గుండె నెమ్మదిగా ఉండటం వల్లే గెలిచిందని నేను అనను, అంతకుముందు ఒసిపోవా కూడా అదే గుండెతో ఫైనల్ దాకా వచ్చింది కదా. కానీ ఆ ఒత్తిడిలో 118 దగ్గర ఉండటం మామూలు విషయం కాదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. గుండె వేగాన్ని, చేతి వణుకుని తగ్గించే బీటా బ్లాకర్ మందులు షూటింగ్‌లో, ఆర్చరీలో పోటీ ఉన్న రోజుల్లోనే కాదు, లేని రోజుల్లో కూడా నిషేధం. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్ సు ప్రొప్రానొలాల్ అనే అలాంటి మందు వాడినట్టు తేలి, పిస్టల్‌లో వచ్చిన వెండి, కంచు పతకాలు రెండూ పోగొట్టుకున్నాడు. అదే బీజింగ్‌లో మన అభినవ్ బింద్రా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో దేశానికి మొదటి వ్యక్తిగత స్వర్ణం తెచ్చాడు, ఆయన తయారీలో బయోఫీడ్‌బ్యాక్, న్యూరోఫీడ్‌బ్యాక్ సాధన, అంటే ఒంట్లో, మెదడులో జరిగేది తెర మీద చూసుకుంటూ దాన్ని దారికి తెచ్చుకునే సాధన కూడా ఉంది. అంటే మాత్రతో చేస్తే పతకం వెనక్కి తీసుకునేంత పెద్ద విషయాన్ని, ఊపిరితో కొంతవరకు న్యాయంగా సాధించుకోవచ్చు. పిల్లలకి ఈ మాట చెబితే వాళ్ళు సాధనని తేలిగ్గా తీసుకోవడం మానేస్తారు, మా అమ్మాయి విషయంలో అలాగే జరిగింది.

ఇక బెల్ట్. రొమ్ముల కింద, పక్కటెముకల మీదుగా కట్టుకునే సాగే పట్టీ, దాని మధ్యలో ఊడదీయగల చిన్న సెన్సర్. ఇది చేతి వాచ్‌లా వెలుతురుతో కాకుండా ఈసీజీ లాగా గుండె విద్యుత్తుని పట్టుకుంటుంది. నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో చెప్పడం ఏ వాచ్ అయినా చేస్తుంది. మనకి కావాల్సింది అది కాదు, ఒక దెబ్బకీ తర్వాతి దెబ్బకీ మధ్య ఎంత ఎడం ఉందో మిల్లీసెకన్లలో కావాలి, ఎందుకంటే ఆ ఎడం ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఊపిరి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగం పెంచుతుంది, వదిలేటప్పుడు తగ్గిస్తుంది. వదిలేటప్పుడు తగ్గించే పని వేగస్ అనే నరానిది, గుండెకి బ్రేక్ వేసేది అదే. అందుకే వదిలే భాగాన్ని పొడుగు చెయ్యమంటారు.

మామూలుగా పెద్దవాళ్ళం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటాం. దాన్ని ఆరుకి దగ్గరగా తెస్తే, అంటే ఒక్కో ఊపిరి సుమారు పది సెకన్లు పట్టేలా చేస్తే, రక్తపోటుని సరిచేసే శరీరంలోని ఏర్పాటు లయా, ఊపిరి లయా ఒకదానితో ఒకటి కలుస్తాయి. అప్పుడు గ్రాఫ్‌లో గుండె వేగం గజిబిజి గీతలు మానేసి నున్నటి అలలుగా లేచి పడుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది, అప్పటిదాకా 'ప్రశాంతంగా ఉంది' అని చెప్పుకోవడమే తప్ప ఒంట్లో ఏం జరుగుతోందో కళ్ళతో చూసింది లేదు. ఈ ఆరు అనే లెక్క కొత్త కంపెనీలు కనిపెట్టింది కూడా కాదు. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది, లాటిన్‌లో రోజరీ ప్రార్థన చదివినా, యోగ మంత్రం జపించినా ఊపిరి దానంతట అదే నిమిషానికి ఆరు దగ్గరికి వచ్చి నిలిచిందని. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు గుక్క తిప్పుకోకుండా స్తోత్రం చదివి లేచాక ముఖంలో కనిపించే తేట ఊరికే రాలేదన్నమాట.

అయితే అందరికీ సరిగ్గా ఆరే కాదు. పెద్దవాళ్ళలో మనిషిని బట్టి నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా ఉంటుంది, ఆ తేడా పట్టుకోవడానికే బెల్ట్ పనికొస్తుంది. ఒక్కో వేగంలో కొన్ని నిమిషాలు కూర్చుని ఏ వేగంలో అలలు అన్నిటికంటే పెద్దగా, నున్నగా వస్తున్నాయో చూసుకోవాలి. నాకు నాలుగు సెకన్లు పీల్చి, ఆరు సెకన్లు కాస్త పైన వదలడం కుదిరింది. మా అమ్మాయికి అది చాలా సాగదీతలా ఉండి విసుగొచ్చింది, కొంచెం వేగంగా పెడితే హాయిగా కూర్చుంది. ఒకే లెక్కని అకాడమీలో పిల్లలందరి చేతా చేయిస్తుంటారు కదా, కొందరికి అది ఎందుకు పడదో ఇది చూశాకే నాకు అర్థమైంది.

బెల్ట్ వల్ల నాకు కలిగిన అతి పెద్ద లాభం మాత్రం వేరు. మ్యాచ్‌కి ముందు ఎవరైనా సరే మొదట చెప్పే మాట 'గట్టిగా ఊపిరి పీల్చుకో'. పిల్లలు అది విని భుజాలు ఎగరేసి, నోరు తెరిచి, గాలిని గుటకలు మింగినట్టు లాగుతారు. గ్రాఫ్ చూస్తే ఆ సమయంలో గుండె తగ్గడం మాట దేవుడెరుగు, పైకి పోతుంది. పెద్ద ఊపిరి, నెమ్మది ఊపిరి ఒకటి కావు. వెంటవెంటనే పెద్ద పెద్ద ఊపిర్లు తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, తల తేలినట్టు, వేళ్ళ కొసలు చిమచిమలాడినట్టు ఉంటుంది, ట్రిగ్గర్ మీద వేలికి ఆ చిమచిమ వస్తే ఇక షాట్ సంగతి మర్చిపోవచ్చు. రక్తంలో ఆక్సిజన్ పెరుగుతుంది అనేది కూడా అపోహే, ఆరోగ్యంగా ఉన్న మనిషికి మామూలుగానే 95 శాతం పైన ఉంటుంది, ఇంకా నింపడానికి చోటెక్కడ? పైగా కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతే హిమోగ్లోబిన్ తన దగ్గరున్న ఆక్సిజన్‌ని వదలడానికి మొండికేస్తుంది, దీన్ని క్రిస్టియన్ బోర్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త 1904లోనే చెప్పాడు. కాబట్టి మామూలు సైజు ఊపిరి, ముక్కుతో, పొట్ట కదిలేలా, భుజాలు కదలకుండా, వదలడం పొడుగ్గా. కోచ్‌లందరికీ నా విన్నపం ఇది, 'గట్టిగా పీల్చు' బదులు 'మెల్లగా వదులు' అనండి, ఈ ఒక్క మాట మార్పుకి పైసా ఖర్చు లేదు.

ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసినది లైన్ మీదికి ఎలా తీసుకెళ్ళాలన్నదే అసలు ప్రశ్న, ఏ యాప్ కూడా ఇది చెప్పదు. షాట్ వేసే క్షణంలో నెమ్మది ఊపిరి ప్రాక్టీస్ చెయ్యడం కుదరదు, అక్కడ ఊపిరి కాసేపు ఆగి ఉండాలి, లేదంటే ఛాతీతో పాటు చెయ్యీ కదులుతుంది. పిస్టల్‌లో చెయ్యి ఎత్తేటప్పుడు పీల్చి, టార్గెట్ మీదికి దించుతూ కొంత వదిలి, ఊపిరి వదిలాక సహజంగా వచ్చే ఆ చిన్న విరామాన్నే కొద్దిగా పొడిగించి షాట్ తీయాలి. ఐదారు సెకన్లలో, మహా అయితే ఎనిమిదిలో షాట్ వచ్చేయాలి. దాటితే సైట్ (పిస్టల్ మీద గురి చూసే భాగం) మసకబారడం, చెయ్యి వణకడం మొదలవుతాయి, అప్పుడు బలవంతంగా కొట్టకుండా చెయ్యి దించేసి మళ్ళీ మొదలుపెట్టడమే. ఆర్చరీలోనూ ఇంచుమించు ఇంతే, విల్లు ఎత్తేటప్పుడు పీల్చడం, పూర్తిగా లాగి యాంకర్ దగ్గర, అంటే లాగిన చెయ్యి ముఖానికి ఆనే చోట, కుదురుకున్నాక కొంత వదిలి ఆపడం.

మరి నెమ్మది ఊపిరి ఎక్కడ? రెండు షాట్ల మధ్య. పిస్టల్ బెంచీ మీద పెట్టిన తర్వాత, స్కోరు స్క్రీన్ వైపు చూడకముందే, రెండు మూడు పొడుగు ఊపిర్లు. మా అమ్మాయికి 20 సెకన్ల ఆటలో అంత తీరిక ఉండదు కాబట్టి ఎదుటివాళ్ళు వేస్తున్న 20 సెకన్లని వాడుకోమన్నాం. బ్యాడ్మింటన్ ఆడేవాళ్ళకి 11 పాయింట్ల దగ్గర వచ్చే 60 సెకన్లు, గేముల మధ్య 120 సెకన్లు ఉన్నాయి, కోచ్ మాట్లాడేది పోగా మిగిలిన కాస్త టైం చాలు. ఇంకా తక్కువ సమయం ఉంటే ఒక పద్ధతి ఉంది: ముక్కుతో పీల్చి, ఆపకుండా దాని మీదే ఇంకొంచెం పీల్చి, నోటితో మెల్లగా పూర్తిగా వదలడం. 2023లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు దీన్ని నెల రోజుల పాటు రోజుకి ఐదు నిమిషాలు చేయించి, సమానంగా లెక్కపెట్టే బాక్స్ పద్ధతితోనూ, వేగంగా ఊపిరి తీసే పద్ధతితోనూ, మామూలు ధ్యానంతోనూ పోల్చారు. మనసు తేలికపడటంలో ఇదే ముందుంది. అది క్రీడాకారుల మీద చేసిన అధ్యయనం కాదని గుర్తుపెట్టుకోవాలి, అయినా లైన్ మీద నాకు బాగా పనికొస్తోంది.

ఇంకో సంగతి, పోటీ రోజున మొదలుపెట్టి ఫలితం ఆశించకండి. షూటింగ్ లైన్ మీద ఫోనూ స్మార్ట్ వాచీ వాడనివ్వరు, బెల్ట్ చూసుకునే అవకాశం అసలే ఉండదు. అది ఇంట్లో వాడే వస్తువు. రోజూ పది నిమిషాలు కూర్చుని ఒంటికి ఆ లయ అలవాటయ్యాక, పోటీలో బొమ్మ, గ్రాఫ్ ఏవీ లేకుండా ఒంటికదే గుర్తొస్తుంది. కొన్ని నెలల తర్వాత నాకు బెల్ట్ వారానికోసారి సరిచూసుకోవడానికే పనికొస్తోంది. కొనేముందు ఇది తెలుసుకుని కొనాలి.

ఇక మిగతావి త్వరగా.

మూడు బంతుల డబ్బా. కోవిడ్ తర్వాత దాదాపు ప్రతి ఇంట్లో ఒకటి పడి ఉంది. పీల్చే వేగం సెకనుకి 600, 900, 1200 సీసీలు అయితే ఒక్కో బంతి లేస్తుంది. ఆపరేషన్ అయినవాళ్ళకి, మంచం పట్టి లేచినవాళ్ళకి ఊపిరితిత్తులు తెరుచుకోవడానికి చాలా మంచి వస్తువు, ధర కూడా కొన్ని వందలే. ప్రశాంతతకి మాత్రం సరిగ్గా వ్యతిరేకం, బంతి లేపాలన్న పట్టుదలతో పిల్లలు బలంగా లాగడం నేర్చుకుంటారు, వదలడం గురించి ఆ డబ్బా ఏమీ నేర్పదు. ఇంకా కొందరైతే ఊదుతుంటారు, అది ఊదేది కాదు, పీల్చేది.

పవర్‌బ్రీద్ లాంటి కండరాల ట్రైనర్లు వేరే కోవ. స్ప్రింగ్ బిగువుకి ఎదురుగా రోజుకి రెండు పూటలా 30 ఊపిర్లు పీల్చడం. పడవ నడిపేవాళ్ళు, సైక్లింగ్, పరుగు వాళ్ళకి పీల్చే కండరాలు త్వరగా అలిసిపోకుండా ఉపయోగపడుతుంది. మా లాంటి నిలబడి ఆడే ఆటలకి అంత డబ్బు పెట్టనవసరం లేదు.

నల్ల మాస్కు వద్దే వద్దు. కొండ మీద ఉన్నట్టు అవుతుందని అమ్ముతారు, కొండ మీద తగ్గేది గాలి ఒత్తిడి, ముక్కుకి అడ్డం కట్టినంత మాత్రాన అది తగ్గదు. ఊపిరి ఆడని భయం మాత్రం బాగా అలవాటవుతుంది, టెన్షన్ తగ్గించుకోవాలనుకునే పిల్లలకి ఇంతకంటే చేటు లేదు.

వర్క్‌షాపు గురించి కాస్త కోపంగానే రాస్తున్నాను. పేరు చెప్పను. హాలు నిండా జనం, డప్పుల సంగీతం, అరగంట పాటు వేగంగా ఊపిరి తీయించి, కళ్ళ నీళ్ళు పెట్టుకున్నవాళ్ళని చూపించి 'చూశారా, ఒత్తిడి బయటికి పోతోంది' అన్నారు. అక్కడ ఉబ్బసం ఉన్నవాళ్ళు ఎవరు, బీపీ ఉన్నవాళ్ళు ఎవరు అని అడిగిన పాపాన పోలేదు. గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఇలాంటి వేగపు ఊపిర్లు డాక్టర్‌ని అడగకుండా చేయకూడదు. ఈత నేర్చుకునే పిల్లలున్న తల్లిదండ్రులు మరీ జాగ్రత్త, నీళ్ళలో దిగేముందు వేగంగా ఊపిరి తీసి మునిగితే ఊపిరాడటం లేదన్న హెచ్చరిక ఆలస్యంగా వస్తుంది, స్పృహ ముందే పోతుంది. ఇలా ప్రాణాలు పోయినవాళ్ళున్నారు.

ప్రాణాయామం తెలిసిన ఇళ్ళలో ఇదంతా కొత్తగా ఏముంది అనుకుంటారు, నిజమే. పూరకం (పీల్చడం) కంటే రేచకం (వదలడం) రెట్టింపు పొడుగు ఉండాలని చెప్పే పద్ధతి ఇదే పని చేస్తుంది. భ్రామరి ఇంకా మంచిది, తుమ్మెదలా ఝుమ్మంటూ వదలాలి కాబట్టి పిల్లలు లెక్కపెట్టకుండానే ఊపిరి పొడుగవుతుంది. పోటీకి ముందు కపాలభాతి మాత్రం చేయించకండి, అది పొట్ట లోపలికి లాగుతూ ఊపిరిని వెంటవెంటనే విసురుగా వదిలే, ఒంటిని లేపే సాధన, పొద్దున్నే చేసుకుంటే సరిపోతుంది. బలవంతపు కుంభకం (ఊపిరి బిగబట్టడం) కూడా పోటీకి ముందు వద్దు. మంచి గురువు దగ్గర నేర్చుకుంటున్నవాళ్ళకి బెల్ట్ అక్కర్లేదని నా అభిప్రాయం. కంటికి కనిపిస్తే తప్ప నమ్మకం కుదరనివాళ్ళకి, ముఖ్యంగా ఫోన్ చూస్తే తప్ప కదలని పదహారేళ్ళ పిల్లలకి, బెల్ట్ బాగా పట్టిస్తుంది.

కొనాలనుకునేవాళ్ళకి వాడకం సంగతులు. కట్టుకునేముందు పట్టీ లోపలి వైపు గరుకుగా ఉండే చోట్లని నీళ్ళతో తడపాలి, పొడిగా కట్టుకుంటే ఏ కంపెనీ బెల్ట్ అయినా గీత తెగిపోతుంది, ఏసీ గదిలో ఇంకా త్వరగా. అమ్మాయిలు స్పోర్ట్స్ బ్రా అంచుకి కింద, దాని మీద ఎక్కకుండా కట్టుకోవాలి. సెన్సర్ విడిగా తీసేసి పట్టీని చన్నీళ్ళతో కడిగి నీడలో ఆరేయాలి, లేదంటే చెమట ఉప్పు పేరుకుని పట్టీ పాడవుతుంది. సెన్సర్‌ని పట్టీకే తగిలించి ఉంచితే బ్యాటరీ త్వరగా అయిపోతుంది. అందులో పడేది సీఆర్2025 బిళ్ళ, మామూలు వాచీల షాపులో దొరుకుతుంది, కంపెనీ లెక్క ప్రకారం 400 గంటలు. బెల్ట్ మీద తెర లేదు, చూసుకోవడానికి ఫోన్ కావాల్సిందే. ఎలైట్ హెచ్ఆర్‌వీ లాంటి యాప్‌లో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం చూడొచ్చు. ఊపిరి వేగం చూపించే యాప్‌లు ఉచితంగానే చాలా ఉన్నాయి, డబ్బు కట్టి తీసుకోవాల్సిన అవసరం మాకు రాలేదు.

ధర వేలల్లో ఉంటుంది కాబట్టి ఇంటికొకటి కంటే అకాడమీకి ఒక సెన్సర్, పిల్లలకి విడివిడిగా పట్టీలు అన్న ఏర్పాటు మేలు, పట్టీ విడిగా కూడా దొరుకుతుంది. మా రేంజ్‌లో ఇప్పుడు నలుగురం ఒకే సెన్సర్ వాడుకుంటున్నాం.